చూసేది ఒకరు, కాల్చేది ఇంకొకరు: మధ్యలో మాట చెడకుండా చేర్చడం ఎట్లా

మా జమ్మలమడుగు పక్క పిల్లలు సైన్యం గురించి అడిగితే ముందుగా గన్నుల గురించే అడుగుతారు. బోఫోర్స్ ఎంత దూరం కొడుతుంది, పినాక ఎన్ని రాకెట్లు వదులుతుంది అని. ఒక పినాక లాంచర్ 44 సెకన్లలో 12 రాకెట్లు వదులుతుందని చెప్తాను. ఆ తర్వాత నేనొక ప్రశ్న వేస్తాను. గన్ను కాడ నిలబడినవాడికి శత్రువు కనపడడు. మధ్యలో కొండ ఉంటుంది, పది పదిహేను కిలోమీటర్ల దూరం ఉంటుంది. మరి గుండు ఎక్కడ పడాలో వానికి ఎవరు చెప్పినారు? చెప్పింది చెప్పినట్టే చేరిందని ఎట్లా తెలిసింది?

ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, రేడియో ఆపరేటర్‌గా చేరి నాయబ్ సుబేదార్‌గా రిటైరయినాను. సర్వీసంతా నా పని ఆ ప్రశ్నకు జవాబుగా ఉండడమే. ఇప్పుడు ఆదివారాలు ఎన్‌సీసీ పిల్లలను, అగ్నివీర్‌కు తయారయ్యేవాళ్లను గండికోటకు పిలుచుకపోయి ఆ పని మొదలు ఎట్లా నేర్చుకోవాలో చూపిస్తున్నాను. గన్నూ లేదు, గుండూ లేదు. మ్యాపు, కంపాస్, ఎర్రజెండా, ఫోను చాలు. ఇక్కడ రాసేదేదీ రహస్యం కాదు, మ్యాప్ రీడింగ్ పుస్తకాల్లోనూ ప్రభుత్వ ప్రకటనల్లోనూ ఉండేదే. మీ ఊర్లో మీరే చేసుకునేట్టుగా రాస్తున్నాను.

ముందు ఎవరెవరు ఉంటారో తెలుసుకోండి. ఒక ఆర్టిలరీ రెజిమెంట్‌లో మామూలుగా మూడు బ్యాటరీలు, బ్యాటరీకి ఆరు గన్నులు. ఇక్కడ బ్యాటరీ అంటే గన్నుల గుంపు. ముందు వరసలో పదాతిదళం వెంబడి ఓపీ ఆఫీసర్ ఉంటాడు, ఓపీ అంటే అబ్జర్వేషన్ పోస్ట్. ఆయన కళ్లే మొత్తం బ్యాటరీకి కళ్లు. బ్యాటరీ కమాండర్ కూడా గన్నుల కాడ ఉండడు, తాను సాయం చేసే పదాతి బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ పక్కనే ఉంటాడు. వెనక గన్నుల దగ్గర గన్ పొజిషన్ ఆఫీసర్, కమాండ్ పోస్ట్‌లో లెక్కలు కట్టే టెక్నికల్ అసిస్టెంట్లు ఉంటారు. వీళ్లందరినీ కలిపేది రేడియో, లేదా తీగ. మీ గుంపులో కూడా ముగ్గురిని ఎంచుకోండి: చూసేవాడు, లెక్క కట్టేవాడు, జెండా పట్టుకుని నడిచేవాడు. నడిచేవాడే మీ గుండు. గంటకొకసారి పనులు మార్చుకోండి. ఒకే పని పట్టుకుని కూర్చుంటే అవతలివాని ఇబ్బంది ఎన్నటికీ తెలియదు.

నేనెక్కడున్నాను?

సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో 1:50,000 ఓపెన్ సిరీస్ మ్యాపులు దొరుకుతాయి. 2005 జాతీయ మ్యాప్ విధానంతో సైన్యానికి వేరే సిరీస్, జనానికి వేరే సిరీస్ చేసినారు. జనానికిచ్చే వాటిలో రక్షణ స్థావరాలు చూపించరు, మన పనికి వాటితో అవసరమూ లేదు. పాత లెక్కలో కడప జిల్లాలో ఎక్కువ భాగం 57 జె, 57 ఎన్ షీట్లలో వస్తుంది. కర్నూలువాళ్లు 57 ఐ, అనంతపురంవాళ్లు 57 ఎఫ్ చూడండి. కొత్త సిరీస్‌లో నంబర్లు వేరు, కాబట్టి ఊరు పేరుతో వెతకండి. కాగితం మీద ప్రింటు తీయించండి, స్కేలు మారకుండా తీయమని షాపులో గట్టిగా చెప్పండి. తీసినాక మ్యాపులో ఉండే స్కేలు గీతను రూలరుతో కొలిచి చూసుకోండి.

ఆ స్కేలులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. పెన్సిలుతో 2 సెంటీమీటర్లకొక గీత నిలువుగా, అడ్డంగా గీసి గీతలకు రెండంకెల నంబర్లు వేసుకోండి. మీ గ్రిడ్ తయారు. చదివేటప్పుడు ముందు అడ్డంగా తూర్పుకు పోవాలి, తర్వాత పైకి ఉత్తరానికి ఎక్కాలి. ఈ వరస ఎప్పుడూ మారదు. ఒక్కో గడిని మనసులో పది భాగాలు చేసి మూడో అంకె కలిపితే ఆరంకెల గ్రిడ్ వస్తుంది. ఆరంకెలు చెప్తే 100 మీటర్ల చదరం దొరుకుతుంది, ఎనిమిదంకెలు చెప్తే 10 మీటర్లది. ఎనిమిదంకెలు చెప్పినంత మాత్రాన కచ్చితం అయిపోయిందనుకోవద్దండి. కళ్లతో చూసి అంచనా వేసినదానికి ఎనిమిదంకెలు తగిలిస్తే వినేవానికి లేని నమ్మకం కలుగుతుంది.

ఇప్పుడు ఫోనులో లొకేషన్ ఆపేయండి. జమ్మలమడుగు వైపు బయట మిట్ట మీద నిలబడి మ్యాపులో ఉన్నవి, కంటికి కనపడేవి మూడు గుర్తులు ఎంచుకోండి: గుడి గోపురం, డ్యాము కొన, కొండ శిఖరం. ఒక్కోదానికి కంపాస్‌తో దిక్కు డిగ్రీలలో తీసుకోండి. వచ్చింది 180 లోపుంటే 180 కలపండి, 180 దాటి ఉంటే 180 తీసేయండి. 310 వస్తే 130. గుర్తు కాడ నుంచి ఆ దిక్కులో వెనక్కి గీత గీయండి. మూడు గీతలు కలిసేచోట చిన్న త్రికోణం పడుతుంది, మీరు దాంట్లో గానీ, దాని దగ్గరలో గానీ ఉన్నారు. త్రికోణం పెద్దదిగా వస్తే ఏదో ఒక గుర్తును మీరు తప్పుగా పోల్చుకున్నట్టు. కంపాస్ చదివేటప్పుడు మోటారుసైకిలు, కరెంటు తీగలు, జేబులో ఫోను దగ్గర ఉండకూడదు. కంపాస్ చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మన సీమలో తేడా బాగా తక్కువ, ఒకటి రెండు డిగ్రీల లోపే. కాశ్మీరులో ఇంకా ఎక్కువ. చిన్నదే కదా అని వదిలేస్తే 10 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తప్పు 175 మీటర్ల తప్పయి కూర్చుంటుంది.

ఇదంతా శాటిలైటు ఉండంగా ఎందుకని పిల్లలు అడుగుతారు. శాటిలైట్లతో దారి చూపే మన సొంత వ్యవస్థ నావిక్ ఉంది, 2013లో మొదటి ఉపగ్రహం పైకి పోయింది. ఫోనులో చుక్క పడితే చాలు గదా అంటారు. యుద్ధంలో ముందుగా చెడగొట్టేది ఆ చుక్కనే. యుక్రెయిన్ యుద్ధంలో రెండు పక్షాలూ శాటిలైట్ సిగ్నళ్లను రోజూ జామ్ చేస్తున్నాయి. చుక్క మాయమైనపుడు కాదు అసలు ప్రమాదం, చుక్క తప్పుచోట నిలకడగా కనిపించినపుడు. కంపాస్‌తో ఒక్కసారి సరిచూసుకునే అలవాటు ఉన్నవానికే ఆ తప్పు కనపడుతుంది.

అదెక్కడుంది, ఎంత దూరం?

ఆర్టిలరీ డిగ్రీలు వాడదు, మిల్స్ వాడుతుంది. చుట్టూ తిరిగితే 6400 మిల్స్, మూలమట్టానికి 1600. దీనిలో సౌకర్యం ఏమంటే, ఒక కిలోమీటరు దూరంలో ఒక మిల్ అంటే దాదాపు ఒక మీటరు. కిలోమీటర్లను మిల్స్‌తో గుణిస్తే మీటర్లు వస్తాయి. 2 కిలోమీటర్ల దూరంలో రెండు చెట్ల మధ్య 50 మిల్స్ ఉంటే వాటి నడుమ 100 మీటర్లు. నోటిలెక్క.

మీ చెయ్యే మీ కొలతబద్ద. గోడకు కచ్చితంగా 10 మీటర్ల దూరంలో నిలబడండి. గోడ మీద 10 సెంటీమీటర్లకొక సున్నపు గీత గీయించండి, ఒక్కో గీతకు నడుమ 10 మిల్స్. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, వేలు ఎన్ని గీతలు కప్పుతుందో చూడండి. మామూలుగా ఒక వేలు 30 మిల్స్ దగ్గర, పిడికిలి 180 దగ్గర వస్తుంది. మా దగ్గరకు వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి వేలు సన్నం, 26 వచ్చింది. ఆ అమ్మాయి తన నోటు పుస్తకం అట్ట మీద వేలు, రెండు వేళ్లు, పిడికిలి, చాచిన జాన అన్నీ వరసగా రాసి పెట్టుకుంది. పుస్తకంలో ఉన్న సగటు కన్నా ఆ అట్ట మీద ఉన్న అంకెలే ఆమెకు పనికొస్తాయి. మీరూ అట్లే రాసుకోండి.

దూరానికి శబ్దం సాయం చేస్తుంది. యర్రగుంట్ల పక్క సున్నపురాయి క్వారీలు ఉన్నాయి, బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ ఇస్తారు. క్వారీ హద్దుకు చాలా దూరంగా రోడ్డు మీదే ఉండి, దుమ్ము లేచిన క్షణం నుంచి శబ్దం వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. మన మే నెల ఎండకు శబ్దం కొంచెం వేగం పెంచుతుంది, 40 డిగ్రీల వేడిలో సెకనుకు 355 మీటర్ల దాకా పోతుంది. తర్వాత మ్యాపులో కొలిచి ఎంత తేడా వచ్చిందో రాసుకోండి.

మాట చేర్చడం

గట్టు అంచున ఒకరు, కోటలో జామియా మసీదు బయట నీడలో ఒకరు కూర్చోండి. ఒకరికొకరు కనపడకూడదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ వాకీటాకీలకు 2018 నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అవసరమైన ఫ్రీక్వెన్సీల సెట్లు అది లేకుండా వాడడం నేరం, ఆన్‌లైన్‌లో చవకగా వచ్చింది కదా అని కొనొద్దు. సెట్టు లేకపోతే వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టుకోండి. నొక్కిపట్టి మాట్లాడి వదలడమే, రేడియో కూడా అంతే. మీరు పెట్టుకోవలసిన నియమాలు రెండు: 15 సెకన్లు దాటకూడదు, పంపింది చెరపకూడదు.

బటన్ నొక్కక ముందే మాట తయారుగా ఉండాలి. మనసులో అనుకోండి, నొక్కండి, ఒక్క క్షణం ఆగండి, అప్పుడు మాట్లాడండి. నొక్కుతూనే మాట్లాడితే మొదటి మాట తెగిపోతుంది, ఆ మొదటి మాటే ఎవరిని పిలుస్తున్నారో చెప్పేది. మా ఆటలో గట్టు మీదివాడి పేరు పెన్నా, లెక్క కట్టేవాడి పేరు ఎర్రమల. పిలిచే పేరు ముందు, సొంత పేరు తర్వాత:

“ఎర్రమల, పెన్నా మాట్లాడుతున్నాను. గ్రిడ్ త్రీ ఫోర్ టూ, సెవెన్ వన్ సిక్స్. దిక్కు వన్ సిక్స్ జీరో జీరో మిల్స్. గుడ్డి బావి పక్క ఒంటి వేపచెట్టు. ఓవర్.”

“పెన్నా, ఎర్రమల. గ్రిడ్ త్రీ ఫోర్ టూ, సెవెన్ వన్ సిక్స్. దిక్కు వన్ సిక్స్ జీరో జీరో. ఒంటి వేపచెట్టు. ఓవర్.”

“కరెక్ట్. అవుట్.”

అంకెలు ఒక్కొక్కటిగా, ఇంగ్లీషులోనే చెప్పిస్తాను. గాలి హోరులో మన ఆరు, నూరు ఒకటే అయిపోతాయి, మూడు, ఏడు కూడా అంతే. ఇంగ్లీషులో కూడా ఫైవ్, నైన్ కలిసిపోతాయని నైన్‌ను నైనర్ అంటారు. తిరిగి చదివి వినిపించడం మర్యాద కోసం కాదు. అవతలివాడు నిజంగా ఏం విన్నాడో తెలుసుకోవడానికి అదొక్కటే దారి. “రోజర్” అంటే విన్నానని మాత్రమే. సరిగా విన్నాడని దానితో రుజువు కాదు, చేస్తానని కూడా కాదు. సరిగా వినపడకపోతే “సే అగెయిన్” అనండి. “రిపీట్” అనొద్దు. ఆర్టిలరీ రేడియోలో రిపీట్ అంటే అదేచోట మళ్లీ కాల్చమని ఆర్డరు. సినిమా అలవాటుతో “ఓవర్ అండ్ అవుట్” కూడా వద్దు. ఓవర్ అంటే నీ జవాబు కోసం ఆగినాను, అవుట్ అంటే ముగించినాను. రెండూ ఒకేసారి కుదరవు.

గండికోట ఈ పాఠానికి బాగా పనికొచ్చే చోటు. 1650లో మీర్ జుమ్లా ఫిరంగులు పెట్టి పట్టుకున్న కోట ఇది. ఆ రోజుల్లో ఫిరంగి కాడ నిలబడినవానికి గురి కంటికి కనపడేది. ఈ గట్టు మీద నుంచి మాట్లాడితే చిన్న సెట్టు కూడా బాగా పోతుంది. ఎత్తు ఎంత ఉంటే అంత, మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే రేడియో కనుచూపు కిలోమీటర్లలో వస్తుంది. 100 మీటర్ల ఎత్తుకు 41 కిలోమీటర్లు. సెట్టు పవరు వేరే సంగతి. అదే మనిషి అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి బండ చాటుకు పోతే మాట గరగరమంటుంది. లోయ పక్క దారిలో కొంచెం దిగితే చచ్చిపోతుంది. ఇది చెవులతో వినాలి. విన్నవాడు తర్వాత ఎక్కడ నిలబడి మాట్లాడాలో ఎవరూ చెప్పకుండానే వెతుక్కుంటాడు.

గుండు సవరించడం

దీనికి ఖాళీ చేను కావాలి. శనగ కోసినాక నల్లరేగడి చేలు ఖాళీగా ఉంటాయి, రైతును అడిగి వాడుకోండి. దక్షిణం గట్టు మీద చూసేవాడు నిలబడాలి. చేను మధ్యలో ఒక రాయి, అది గురి. జెండావాడు ఎక్కడో ఒకచోట నిలబడతాడు, అది మొదటి గుండు పడినచోటు. నడిచే ఒక్కో అడుగును 10 మీటర్లు అనుకోండి. గట్టు నుంచి రాయి 300 అడుగుల దూరంలో ఉంటే మన లెక్కలో 3 కిలోమీటర్లు. చూసేవాడు మాటలతోనే జెండాను రాయి మీదికి తేవాలి.

ముందు ఎడమ, కుడి సరిచేయండి. జెండా రాయికి కుడిపక్క 40 మిల్స్‌లో కనపడితే, 3ను 40తో గుణిస్తే 120. “లెఫ్ట్ 120” అనాలి, జెండావాడు 12 అడుగులు వేస్తాడు. జెండా, రాయి మీ కంటికి ఒకే వరసలోకి రానంత వరకు అది రాయికి ముందుందా వెనకుందా అని చెప్పడానికి ప్రయత్నించొద్దు. చదునైన నేల మీద కన్ను మోసపోతుంది.

వరసలోకి వచ్చినాక దూరం. కొత్తవాళ్లంతా ఇక్కడ ఎంత దూరమో ఊహించి కొంచెం కొంచెంగా జరుపుతారు: 50 ముందుకు, ఇంకో 50, ఇంకో 30. అట్లా చేస్తే ఎన్ని గుండ్లు పోతాయో లెక్కుండదు. ఒక్కో గుండుకు అవతలివాడు లోతు గుంతలోకి దూరడానికి సమయం ఇచ్చినట్టు. ఎంత దూరమో మన కన్ను చెప్పలేదు. జెండా రాయిని మరుగు చేస్తే ముందుంది, రాయి జెండాను మరుగు చేస్తే వెనకుంది, అంతవరకు మాత్రం బాగా చెప్తుంది. కాబట్టి కన్ను చెప్పగలిగినదే దాన్ని అడగాలి. జెండా ముందుంటే ఒకేసారి “యాడ్ 400” అని రాయిని దాటించేయండి. ఇప్పుడు రాయి రెండు గుండ్ల నడుమ చిక్కింది. సగం చేయండి: “డ్రాప్ 200”, అంటే 200 మీ వైపుకు. మళ్లీ ముందు పడిందా, “యాడ్ 100”. ఆ తర్వాత 50. నాలుగైదు మాటల్లో జెండా రాయి కాడికి వచ్చేస్తుంది. దీన్నే బ్రాకెట్ చేయడం అంటారు. పిల్లలకు ఇది ఒంటబట్టిన రోజు చూడాలి, గట్టు మీద నుంచి కేకలు ఆగిపోతాయి, గొంతులు నెమ్మదిస్తాయి.

దీని తర్వాత వచ్చేదే అసలు చిక్కు. నా దృష్టిలో కంప్యూటర్లన్నీ ఈ చిక్కు కోసమే పుట్టినాయి. జెండావాడిని తూర్పు గట్టుకు పంపండి, అక్కడ గన్ను ఉందనుకుని పడమరకు మొగం పెట్టి నిలబడమనండి. ఇప్పుడు దక్షిణం నుంచి చూసేవాడు ఉత్తరానికి మొగం పెట్టి “లెఫ్ట్ 100” అంటాడు. ఆయన ఎడమ అంటే పడమర. గన్నుకు పడమర ఎడమ కాదు, ఎదురు. అంటే గన్ను దూరం 100 పెంచాలి. జెండావాడు తన ఎడమకు తిరిగితే దక్షిణానికి, చూసేవాని మీదికే నడిచి వస్తాడు. చేనులో ఇది నవ్వులాట. నిజం గుండయితే ఎవరి మీద పడేదో ఆలోచించండి.

దీనికి ఇద్దరూ గొడవపడి ఒప్పందానికి రావలసిన పని లేదు. చూసేవానికి గన్ను ఎక్కడుందో తెలియనక్కర లేదు. తన ఎడమ, కుడినే చెప్పాలి, దానితోపాటు తాను గురిని ఏ దిక్కులో చూస్తున్నాడో మొదటి సందేశంలోనే చెప్పాలి. పైన పెన్నా చెప్పిన “దిక్కు” అందుకే. తిప్పుకునే బాధ్యత మధ్యలో కూర్చున్న లెక్కలవానిది. ఒక పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగి పారదర్శకంగా చేసుకోండి, దాని మీద గళ్లు గీయండి, నడుమ గురి, పైకి ఒక బాణం. ఫిల్మును మ్యాపు మీద గురి కాడ గుండుసూదితో గుచ్చి, బాణాన్ని చూసేవాని దిక్కుకు తిప్పండి. ఆయన చెప్పిన సవరణను ఆ గళ్లలో చుక్క పెట్టండి. గన్ను కాడ నుంచి ఆ చుక్కకు రూలరు పెడితే గన్నుకు కావలసిన దిక్కు, దూరం వస్తాయి. నెమ్మదిగా అయినా చేతితో నాలుగుసార్లు చేసి చూడండి. కంప్యూటర్ సెకన్లలో ఏం చేస్తుందో అప్పుడు అర్థమవుతుంది.

దారిలో ఎవరున్నారు?

గురి దొరికింది కదా అని కాల్చరు. మనవాళ్లు ఎక్కడిదాకా పోయినారు, గుండు పోయే దారిలో హెలికాప్టరు ఉందా, ఊరు ఉందా అని చూడాలి. మ్యాపు మీద ఎర్రగీతలు ఉంటాయి, ఫలానా హద్దు లోపల కాల్చకూడదని, ఫలానా గీత దాటి కాల్చాలంటే పక్క దళాన్ని అడగాలని. గుండు నేల మీద పోయేది కాదు, ఆకాశంలో ఎత్తుగా వంపు తిరిగి పోతుంది. అందుకే విమానాలతో చోటు, ఎత్తు, సమయం మూడింటిలో ఏదో ఒకటి పంచుకోవాలి. అమెరికా సైన్యం ఆర్టిలరీ గురికి 600 మీటర్ల లోపల మనవాళ్లుంటే సందేశంలోనే ప్రత్యేకంగా హెచ్చరించాలని పెట్టుకుంది.

మీ ఆటలో ఇద్దరిని తెల్లకండువాలతో చేనులో నిలబెట్టండి, వాళ్లు మనవాళ్లు. జెండా వాళ్లకు 20 అడుగుల లోపలికి వచ్చేట్టుంటే ఎవరైనా సరే, చిన్నవాడైనా సరే “స్టాప్” అనవచ్చు. అన్నాక కారణం అడగకుండా అందరూ ఆగాలి. అడిగేది తర్వాత.

2001 డిసెంబరు 5న ఆఫ్ఘనిస్తాన్‌లో జరిగినది నేను ప్రతి గుంపుకూ చెప్తాను. కాందహార్‌కు ఉత్తరాన అమెరికా ప్రత్యేక దళాలవాళ్లు తర్వాత ఆ దేశ అధ్యక్షుడైన హమీద్ కర్జాయి మనుషులతో ఉన్నారు. శత్రువు మీదికి బాంబు పిలవాలి. స్థానం చూపే జీపీఎస్ పరికరానికి బ్యాటరీ అయిపోతే మార్చినారు. మార్చినాక ఆ పరికరం శత్రువు స్థానాన్ని కాకుండా తన సొంత స్థానాన్ని చూపించింది. ఆ అంకెలే పైకి పోయినాయి. బి-52 బాంబర్ విమానం నుంచి వచ్చిన 2000 పౌండ్ల బాంబు చెప్పిన చోటే కచ్చితంగా పడింది. ముగ్గురు అమెరికా సైనికులు, వాళ్లతోపాటు ఆఫ్ఘన్ మనుషులు చనిపోయినారు. యంత్రం చెడలేదు, రేడియో చెడలేదు, బాంబు గురి తప్పలేదు. అందుకే మా గుంపులో ఏ గ్రిడ్ పంపేముందయినా సొంత గ్రిడ్‌ను పక్కన రాసుకుని రెండూ పోల్చాలి. బ్యాటరీ మార్చినా, సెట్టు ఆపి మళ్లీ పెట్టినా అంకెలన్నీ మొదటి నుంచి తీయాలి.

ఇప్పుడు వచ్చిన యంత్రాలు

మన సైన్యంలో పైన చెప్పిన పనినంతా కలిపి చేసేది శక్తి అనే వ్యవస్థ, తయారీ భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్). చూసేవాని చేతిలో చిన్న కంప్యూటర్, కమాండ్ పోస్ట్‌లో ఇంకొకటి, మధ్యలో మాటకు బదులు డేటా. గుండు దారి లెక్క, ఏ బ్యాటరీ కాల్చాలో ఎంపిక, గుండ్ల నిల్వ, గన్నుల, ఓపీల స్థానాలు, కాల్పుల ప్లాను అన్నీ దాంట్లోనే. గుండు దారి అంటే దూరం ఒక్కటే కాదు. గాలి, వేడి, బారూదు వేడి, గొట్టం అరుగుదల అన్నీ కలుస్తాయి. పలచటి గాలిలో గుండు ఎక్కువ దూరం పోతుంది. 1999లో కార్గిల్ ఎత్తుల మీద మనవాళ్లు మైదానం లెక్కలను సరిచేసుకుంటూ కాల్చవలసి వచ్చింది.

అవతలి గుండు గాల్లో ఉండంగానే పట్టుకుని, అది ఎక్కడి నుంచి బయల్దేరిందో లెక్క కట్టేది స్వాతి రాడార్. ఆకాశం వైపు చూసే రాడార్లను, గన్నులను ఒకే చిత్రంలో కలిపేది ఆకాశ్‌తీర్. 2023 మార్చిలో రూ. 1,982 కోట్లకు రక్షణ శాఖ బెల్‌తో ఒప్పందం చేసుకుంది, 2025 మే నెలలో దాని పేరు దేశమంతా వినింది. మన కర్నూలు పక్క ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గర డీఆర్‌డీఓ టెస్ట్ రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్‌లో 30 కిలోవాట్ల లేజరు ఆయుధాన్ని, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే పరీక్షించినారు. చూడాలని ఆశ ఉంటుంది, కానీ ఆ కంచె పక్కకు పోవద్దు, ఫోటోలు తీయొద్దు, రిజిస్టరు కాని డ్రోన్ ఎగరేయొద్దు. సైన్యంలో చేరాలనుకునేవాళ్లకు పోలీసు కేసు అడ్డం కారాదు.

డ్రోన్ వచ్చినాక చూసేవాడు కొండ ఎక్కనక్కర లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. డ్రోన్ కన్ను మాత్రమే. చూసింది ఏమిటో, పక్కన ఎవరున్నారో, కాల్చాలో వద్దో చెప్పేది చేను గట్టు మీద పాఠం నేర్చుకున్న మనిషే.

మాట్లాడకుండా ఉండడం

రేడియోలో మాట్లాడిన ప్రతిసారీ మీరెక్కడున్నారో అవతలివానికి చెప్పినట్టే. రెండు చోట్ల నుంచి మీ సిగ్నల్ దిక్కు తీస్తే చాలు, పైన మీరు గోపురాలకు గీసిన గీతలే వాడు మీకు గీస్తాడు. అందుకే ఇప్పటి సెట్లు ఒక ఫ్రీక్వెన్సీ మీద నిలబడవు, సెకనుకు ఎన్నోసార్లు దూకుతుంటాయి. ఈ ఆలోచన మీద 1942లో పేటెంటు తీసుకున్నవాళ్లలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్. దూకే సెట్టు ఉన్నా సరే, మాట చిన్నదిగా ఉండాలి. తీగ ఫోను ఇంకా సైన్యంలో ఉండేది అందుకే, తీగలో పోయే మాట గాల్లోకి అంత తేలికగా రాదు.

దీన్ని ఆటలో పెట్టండి. మూడో గుంపును శత్రువు చేయండి. పెన్నా 15 సెకన్లు దాటి మాట్లాడితే వాళ్లు ఒక పాయింటు గెలుస్తారు. వరసగా మూడుసార్లు ఒకేచోటి నుంచి మాట్లాడితే ఇంకో పాయింటు. అరగంటకే మాటలు సగానికి తగ్గుతాయి. తర్వాత ఫోన్లన్నీ ఆపేయించి జెండా సైగలతో, పరుగెత్తే మనిషితో అదే పని చేయించండి. ఏ సైగకు ఏ అర్థమో ఆట మొదలుపెట్టక ముందే రాసుకుని ఉండాలి.

చివరగా లాగ్ పుస్తకం. 200 పేజీల రూళ్ల నోటు పుస్తకం తీసుకుని అయిదు గడులు గీయండి: టైము, ఎవరి నుంచి, ఎవరికి, సందేశం, ఏం చేసినాం. టైము 24 గంటల లెక్కలో, నాలుగంకెల్లో. సందేశం విన్నది విన్నట్టే, బాగుచేయకుండా రాయాలి. తప్పు రాస్తే రబ్బరు వాడొద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టండి. సాయంత్రం పెన్నా పుస్తకం, ఎర్రమల పుస్తకం పక్కపక్కన పెట్టి వరస వరస చదవండి. రెండు పుస్తకాల్లో ఒకే టైముకు వేరే అంకె ఉన్నచోట ఎర్ర టిక్కు పెట్టండి. వచ్చే ఆదివారం ఆ టిక్కుల నుంచే మొదలుపెట్టాలి.